ఏడవని పిల్ల

డాక్టరు రామమూర్తికి జబ్బులంటే మహా ఇష్టం. పిల్లలు బాధపడాలని కాదు పాపం, మెత్తని మనిషే. కానీ ఎవరి బిడ్డకైనా ధనుర్వాతం వచ్చిందనో, కాలేయం గట్టిపడి పొట్ట ఉబ్బిందనో కబురు తెలిస్తే చాలు, విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వార్డుకి పరిగెత్తేవాడు. జబ్బు ఎంత అరుదైనదైతే అతని మొహం అంత వెలిగేది. పొదిలి బడిపంతులుగారి అబ్బాయి. మెట్ట ఊరు నుంచి వచ్చి, డాక్టరీ పూర్తిచేసి, గుంటూరులో పిల్లల వైద్యంలో డిప్లమాకి సీటు సంపాదించుకున్నవాడు. ఆ మాత్రం ఉబలాటం ఉండదా?

అలాంటివాణ్ణి తీసుకెళ్లి దుర్గాంబగారు ఏ జబ్బూ లేని పిల్లల మధ్య పడేసింది.

దుర్గాంబగారు ఈ కుర్ర డాక్టర్లకి చదువు చెప్పే పెద్ద డాక్టరు. తెల్ల ఖద్దరు చీర, మగవాళ్ల రిస్టువాచీ, నవ్వినా ఎవరినో మందలిస్తున్నట్టుండే మొహం. పంతొమ్మిదివందల అరవై మూడో అరవై నాలుగో, ఆ ఏడు ఆవిడ ఒక కొత్త పద్ధతి పెట్టింది. డిప్లమా చదివేవాళ్లు వారంలో కొన్ని రోజులు బస్సెక్కి మంగళగిరి నేతవాళ్ల వీధులకి పోవాలి. స్టెతస్కోపు వెంట ఉండకూడదు, మందుల పెట్టె ఉండకూడదు. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక్క పిల్లనో పిల్లవాణ్ణో పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఊరికే చూడాలి. సాయంత్రం తిరిగొచ్చి, చూసింది నోటితో చెప్పాలి. అంతే పని.

"రోగం లేని పిల్లవాణ్ణి చూసి ఏం నేర్చుకుంటామండీ?" అని రామమూర్తి ఉండబట్టలేక అడిగేశాడు.

"తొమ్మిది నెలల పిల్ల ఏమేం చేస్తుందో చెప్పవయ్యా" అంది ఆవిడ.

"కూర్చుంటుందండీ. పాకుతుంది. అంటే... నార్మల్‌గా ఉంటుంది."

"నార్మల్ అంటే?"

ధనుర్వాతం గురించి అడిగి ఉంటే రామమూర్తి గంటసేపు చెప్పేవాడు.

"మన దగ్గరికి జబ్బుపడిన పిల్లలే వస్తారు. వాళ్లనే చూసి చూసి మన కళ్లు చెడిపోయాయి. బాగున్న పిల్ల ఎలా ఉంటుందో తెలియనివాడు, బాగోలేని పిల్లని కాలం మించిపోయాక గుర్తుపడతాడు. జ్వరానికి మందు కంపౌండరైనా ఇస్తాడు. పిల్ల బాగుండగానే ఇంకా బాగుండేట్టు చూడ్డం మన పని" అని, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, "నీకూ ఇంట్లో ఆ వయసు పాపే ఉందిగా?" అంది.

"ఉందండీ, తొమ్మిదో నెల. చాలా మంచి పిల్ల. అసలు ఏడవదు."

"అసలు ఏడవదా?" అని దుర్గాంబగారు అతని మొహంలోకి చూసింది. ఈలోగా వార్డు నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయింది. రామమూర్తి ఆ చూపుని మెచ్చుకోలనుకుని లోలోపల మురిసిపోయాడు.

ఆ మంచి పిల్ల పేరు సుభద్ర. నల్లపాడు పోయే రోడ్డులో పత్తి మిల్లు వెనక వీధిలో రామమూర్తి కాపురం. పత్తి వచ్చే రోజుల్లో మిల్లు చీకటితోనే మొదలయ్యేది. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ అదురు వీపుకి తెలిసేది. కిటికీ ఊచలకి దూది పట్టుకునేది, మిరపకాయల బండ్లు పోతే వీధి వీధంతా దగ్గేది. ఆ వీధిలోని బాలింతలందరూ మిల్లువాణ్ణి శాపనార్థాలు పెట్టేవాళ్లు. రామమూర్తి తల్లి వెంకటరావమ్మ గారు మాత్రం గడప మీద కూర్చుని గర్వంగా చెప్పుకునేది. "మా సుభద్రకి మిల్లూ లెక్కలేదు, ఉరుమూ లెక్కలేదు. పక్కన పిడుగు పడ్డా లేవదు నా తల్లి. ఇలాంటి పిల్లలైతే పదిమందిని పెంచొచ్చు."

రామమూర్తి భార్య బాలత్రిపురసుందరి. అంత పేరూ పిలిచే ఓపిక లేక అందరూ సుందరి అనేవాళ్లు. పొద్దున లేచింది మొదలు పిల్లతో కబుర్లే ఆమెకి. కూరేం చెయ్యమంటావు, మీ నాన్న ఇవాళైనా పెందలాడే వస్తాడంటావా, ఈ దూది చూశావా ఎలా అంటుకుందో అని అడుగుతూనే ఉండేది. పిల్ల ఆమె మొహంలోకి కళ్లార్పకుండా చూసేది. నాన్నకి మాత్రం పిల్లతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. పొద్దున బుగ్గ మీద చిటికెన వేలితో ఒకసారి తాకి వెళ్లేవాడు, వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది.

మంగళగిరిలో రామమూర్తి వంతుకి వచ్చింది భావనారాయణ ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్లు దింపుకుని అతను చీర నేస్తుంటే, వసారాలో భార్య మల్లేశ్వరి రాట్నం తిప్పుతూ కండెలకి నూలు చుట్టేది. మగ్గం పక్కనే దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వాళ్ల కొడుకు పానకాలు. సుభద్ర ఈడువాడే, ఒక నెల అటూ ఇటూ. భావనారాయణ తల్లి నాంచారమ్మ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఒక చేత్తో బియ్యంలో రాళ్లు ఏరేది. వీళ్లందరి మధ్యా అరుగు మీద డాక్టరు బాబు, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిలో ఎవరూ పలకరించని చుట్టంలా.

మొదట్లో అతనికి ప్రాణం విసిగిపోయింది. పిల్లవాడు పాలు తాగాడు. నిద్రపోయాడు. లేచి తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. సాయంత్రం అదే చెబితే దుర్గాంబగారు, "బొటనవేలు నోటికి ఎందుకు వచ్చింది? కిందటి నెల ఎందుకు రాలేదు? ఆ నడుము, ఆ మెడ, ఆ చెయ్యి ఎన్ని నేర్చుకుంటే ఆ వేలు నోటిదాకా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా?" అనేది. ఆలోచించలేదు. ఆవిడ అంటే భయం కొద్దీ మళ్లీ వెళ్లి కూర్చునేవాడు.

ఒకరోజు పానకాలు నిద్రపోతున్నాడు. మగ్గం టకటకలాడుతోంది. ఏమీ తోచక రామమూర్తి ఉయ్యాల దగ్గరికి వెళ్లి చప్పట్లు కొట్టాడు. వాడు కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. కదల్లేదు. పక్కనున్న ఇత్తడి పళ్లెం తీసి గరిటెతో వాయించాడు. వాడి కనురెప్ప కూడా అదరలేదు. రామమూర్తి గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్లకి దొరికింది! బాగున్న పిల్లల వీధిలో, దుర్గాంబగారి కళ్లు కూడా కప్పి కూర్చున్న జబ్బు తనకి దొరికింది. ఆ సంతోషం చూసినవాళ్లెవరికైనా అతన్ని క్షమించడం కష్టమే.

"అమ్మా, మీ పిల్లవాడికి చెవులు వినపడవు" అన్నాడు.

మల్లేశ్వరి చేతిలో నూలు పుటుక్కున తెగింది. నాంచారమ్మ చాట కింద పెట్టేసి, "ఏందయ్యా నువ్వనేది?" అంది. ఆ మాట భావనారాయణ చెవిన పడి అతని చెయ్యీ కాలూ ఆగిపోయాయి. మగ్గం ఆగింది. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఉయ్యాలలో పానకాలు ఉలిక్కిపడి, కాళ్లు జాడించి, ఇంటికప్పు లేచిపోయేట్టు ఏడుపు అందుకున్నాడు.

"ఇదా చెవుడు!" అంది నాంచారమ్మ లేచి నిలబడి. "మా ఇంట్లో పిల్లోళ్లు మగ్గం ఆడతంటే పడుకుంటారు, ఆగితే లేస్తారు. వీడి నాయనా అంతే, వాడి నాయనా అంతే. చెవుడంట, చెవుడు! నీ నోట్లో..." అని, ఎదురుగా ఉన్నది డాక్టరని గుర్తొచ్చి సగంలో మింగేసింది. "సదువుకున్నోడివి. ఆ మాట అనే ముందు కాసింత ఆగొద్దా బాబూ?"

మల్లేశ్వరి పిల్లవాణ్ణి గుండెకి హత్తుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అబద్ధమని తేలినా ఆ మాట ఆమెని వదల్లేదు. ఆ పూట అన్నం ముట్టలేదనీ, రాత్రంతా పిల్లవాడి వెనక చిటికెలు వేస్తూ కూర్చుందనీ నాంచారమ్మ మర్నాడు చెప్పింది.

దుర్గాంబగారు ఇదంతా విని నవ్వలేదు. "పళ్లెం వాయిస్తే నేల అదురుతుంది, చప్పట్లు కొడితే గాలి తగులుతుంది. దానికి చెవిటివాడూ కదులుతాడు. ఆ మోతకి అలవాటుపడ్డవాడు చెవులు బాగున్నా కదలడు. మెలకువగా, కులాసాగా ఉన్నప్పుడు చూడాలి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. వెనక కూర్చుని, నీ నీడ కూడా వాడికి కనపడకుండా, చిన్న చప్పుడు చెయ్యాలి. కాయితం నలపడమో, గాజులు కదపడమో. రేపు వెళ్లి ఆ తల్లి ముందే మళ్లీ చూడు. నీ మాట ఆవిడ మనసులోంచి పోవాలంటే ఆవిడ కళ్లతో ఆవిడ చూడాలి."

మర్నాడు భావనారాయణ మగ్గం ఆపాడు. పానకాలు తల్లి ఒళ్లో కూర్చున్నాడు. రామమూర్తి వెనక్కి చేరి, బస్సు టిక్కెట్టు వేళ్ల మధ్య మెల్లిగా నలిపాడు. పిల్లవాడు గిరుక్కున తల తిప్పి టిక్కెట్టు కోసం చెయ్యి చాచాడు. మల్లేశ్వరి ఏడుస్తూ నవ్వింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రామమూర్తి ఈ కథంతా తన మీదే హాస్యంగా చెప్పుకున్నాడు. వెంకటరావమ్మ గారు పొట్ట పట్టుకుని నవ్వి, "మరి మన సుభద్రో? దానికి మిల్లు అలవాటు, వాడికి మగ్గం అలవాటు" అంది. అందరూ నవ్వారు. రామమూర్తీ నవ్వాడు. నవ్వు సగంలో ఆపేశాడు. వాడు మగ్గం ఆగితే లేచాడు.

"మధ్యాహ్నం మిల్లు ఆపుతారు కదా, అప్పుడు పాప ఏం చేస్తుంది?" అని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"ఏం చేస్తుంది? పడుకుని ఉంటే పడుకుంటుంది, ఆడుకుంటుంటే ఆడుకుంటుంది. మిల్లుతో దానికేం పని?" అంది సుందరి.

రామమూర్తి గబగబా మజ్జిగ పోసుకుని తిని లేచాడు.

ఆ తరవాత మంగళగిరిలో రామమూర్తి మారిపోయాడు. ఇప్పుడు విసుగు లేదు. వీధిలో ఉన్న పసిపిల్లలందరినీ చూడ్డం మొదలుపెట్టాడు. సుభద్ర ఈడువాళ్లందరూ నోటికొచ్చిన ముక్కలు గుక్కతిప్పుకోకుండా అంటున్నారు. తాతా, బాబా, దద్దా. వాళ్లమ్మలు ఏదంటే అది తిరిగి అనబోతున్నారు. పేరు పెట్టి పిలిస్తే ఆట మధ్యలో తల ఎత్తుతున్నారు. సుభద్ర నాలుగో నెలలో ఊ కొట్టేది, ఆ ఊ ఊ అంటూ దూలాలతో మాట్లాడేది. ఆ మాటలు ఎప్పుడు తగ్గాయో అతనికి గుర్తు లేదు. ఆ పూటల్లో తను ఇంట్లో లేడు.

ఒక సాయంత్రం వరండాలో పాఠం చెబుతూ దుర్గాంబగారు అంది. "వినపడని పిల్ల కూడా మొదట అందరిలాగే ఊ కొడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. తన గొంతు తనకి వినపడక, ఎవరి మాటా చెవిన పడక, రానురాను తగ్గించేస్తుంది. చప్పుడుకి బెదరదు, నిద్రలో లేవదు, గోల చెయ్యదు. అయ్యో ఎంత మంచి పిల్ల అంటారు." పక్కనున్న తోటి విద్యార్థి జయరావు ఏదో అడిగాడు. ఆవిడ ఏదో జవాబు చెప్పింది. రామమూర్తికి ఆ పైన ఏమీ ఎక్కలేదు.

ఇంత తెలిసిన డాక్టరు ఆ రాత్రే ఇంటికి పోయి కూతురి వెనక కాయితం నలపాలా, వద్దా? నలపలేదు. ఊళ్లో పిల్లల వెనక గాజులు కదిపి, పేర్లు పెట్టి పిలిచి, వాళ్లు తల తిప్పితే సంబరపడేవాడు. ఇంటికి రాగానే పిల్లికన్నా మెత్తగా నడిచేవాడు. ఆదివారం తను తలుపు తోసుకుని రాగానే పాప చూసింది కదా అనుకునేవాడు. తలుపు తోస్తే వెలుతురు పడుతుందని అతనికి తెలుసు. తను పిలిస్తే నవ్వింది కదా అనుకునేవాడు. ఎదురుగా నిలబడి పిలిచానని తెలుసు. తెలిసీ, తనకి తనే వకీలై వాదించుకున్నాడు. పరీక్ష చెయ్యనంతకాలం పాపకి చెవులు ఉన్నట్టే కదా, ఆ ఉన్నదాన్ని తన చేత్తో తీసెయ్యాలా? అతని భయం అది.

చివరికి మంగళగిరి పోయే రోజున బస్టాండు దాకా వెళ్లి, బస్సు ఎక్కకుండా వెనక్కి నడిచాడు. ఎండ మండిపోతోంది. ఇంటికి వచ్చేసరికి మిల్లు ఆపే వేళ దగ్గరపడుతోంది. వేళ కాని వేళ వచ్చిన కొడుకుని చూసి, "ఒంట్లో బాగోలేదా నాయనా?" అంది వెంకటరావమ్మ గారు. తలనొప్పి అని చెప్పి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సుభద్ర నట్టింట్లో అతనికి వీపు పెట్టి కూర్చుని, రెండు చెక్క గరిటెలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది. సుందరి వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

అతని వీపుకి తగులుతున్న అదురు ఆగిపోయింది. మిల్లు ఆగింది. చెవుల్లోంచి దూది తీసినట్టు వీధంతా ఒక్కసారి విచ్చుకుంది. పక్కింట్లో పసివాడు లేచి ఏడ్చాడు. ఎక్కడో కాకులు. వెంకటరావమ్మ గారు తలెత్తి, "అప్పుడే భోజనాల వేళయింది" అంది. సుందరి కూడా తలెత్తింది. సుభద్ర పెద్ద గరిటె మీద చిన్న గరిటె పెట్టి, అది జారిపోతే మళ్లీ పెట్టింది.

రామమూర్తి జేబులో కాయితం తీసి నలిపాడు. లేచి దగ్గరికి వెళ్లి, నీడ పడకుండా వెనక కూర్చుని, చెవి పక్కగా మళ్లీ నలిపాడు. రెండో చెవి పక్కన నలిపాడు. "సుభద్రా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ పేరు అంతగా ఎప్పుడూ పిలవలేదు. పిల్ల గరిటెలు సర్దుకుంటూనే ఉంది.

"ఏం చేస్తున్నారండీ?" అంది సుందరి.

అతను కాయితం ఇంకోసారి నలిపాడు. ఆమె కూడా చదువుకున్నదే. భోజనాల దగ్గర చెప్పిన మగ్గం కథ ఆమె మర్చిపోలేదు. చిక్కుడుకాయల పళ్లెం పక్కకి నెట్టి వచ్చి, తన చేతిగాజులు పిల్ల వెనక ఆడించింది. మెల్లిగా, తరవాత గట్టిగా, తరవాత చేతులు నేలకేసి కొట్టింది. అప్పుడు నేల అదిరి పిల్ల వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఉన్నారని చూసి పళ్లు రాని నోటితో విప్పారి నవ్వింది.

"పాపకి వినపడదు సుందరీ" అన్నాడు రామమూర్తి.

"ఊళ్లో పిల్లలందరినీ కూర్చుని కూర్చుని చూశారు" అంది సుందరి. గొంతు పెంచలేదు. "ఇన్ని నెలలూ దీన్ని చూడలేదు."

వెంకటరావమ్మ గారు గయ్యిమంది. "నోరు ముయ్యండి ఇద్దరూ! నువ్వు మాత్రం రెండేళ్లు నిండే దాకా మాట్లాడావట్రా? వస అరగదీసి నాకించాను, వచ్చింది. దీనికీ నాకిస్తాను" అంటూ లేచి వెళ్లి వసకొమ్మూ సానరాయీ తెచ్చుకుంది. అరగదీస్తూ అరగదీస్తూ మధ్యలో ఆగి, పిల్ల వీపు వైపు చూసి, "సుభద్రా, అమ్మా, ఇటు చూడవే" అని బతిమాలింది. రాయి పక్కకి తోసేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు దుర్గాంబగారు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తీరిగ్గా, ఒకటికి పదిసార్లు చూసింది. చూసి దాచలేదు. "నువ్వు చెప్పింది నిజమే. మద్రాసులో పరీక్షలు చేసేవాళ్లున్నారు, కాయితం రాసిస్తాను. చెవికి పెట్టే మిషను ఉంది. దానికి పనికొస్తుందో రాదో నేను చెప్పలేను. నా దగ్గరికి ఇలాంటి పిల్లలు నాలుగో ఏటా ఐదో ఏటా వస్తారయ్యా, నత్తి అనుకుని, మొండి అనుకుని, దెబ్బలు కూడా తిని. నువ్వు తొమ్మిదో నెలలో తెచ్చావు." ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "వచ్చేవారం మంగళగిరి పోవద్దు. ఇంట్లో కూర్చో. అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుని చూడు."

"ఏం చూడాలండీ?"

"నేను చెబితే అదే చూస్తావు."

రామమూర్తి ఇంట్లో కూర్చున్నాడు. చావు జరిగిన ఇల్లులా ఉంది ఆ ఇల్లు. పిల్లకి ఏ లోటూ లేదు. వేళకి స్నానం, వేళకి పాలు, కాటుక, దిష్టిచుక్క, అన్నీ జరుగుతున్నాయి. వెంకటరావమ్మ గారు పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. కిందటి వారం దాకా నూనె రాస్తూ పాట పాడేది, పాటకీ పాటకీ మధ్య మనవరాలికి కాబోయే మొగుణ్ణి తిట్టిపోసేది. ఇప్పుడు పెదవులు బిగించి రాస్తోంది. సుందరి అన్నం పెడుతూ గోడ వైపు చూస్తోంది. వినపడని దానికి మాటెందుకు? ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అందరూ అలాగే చేశారు. రామమూర్తి సరే సరి, అతను మొదటి నుంచీ మాట్లాడినవాడు కాదు.

వారం నడుమకి వచ్చేసరికి సుభద్ర ఏడవడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తరవాత గుక్కపట్టి. పాలిస్తే తోసేసింది. ఎత్తుకుంటే విరుచుకుపోయింది. మిల్లుకీ పిడుగుకీ లేవని పిల్ల వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చింది. పన్నేమో అని చిగుళ్లు చూశారు, పొట్టేమో అని వాము నీళ్లు పట్టారు. జ్వరం లేదు, విరేచనం లేదు. డాక్టరైన నాన్నకి ఏ జబ్బూ దొరకలేదు.

దొరకక, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు మధ్యలో పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా తల్లి నోటి వంక చూస్తోంది. అది కదలదు. అప్పుడు ముసలమ్మ నోటి వంక చూస్తోంది. అదీ కదలదు. ఒకసారి సుందరి అన్నం ముద్ద పెట్టబోతుంటే, పిల్ల చిన్న చేత్తో ఆమె గడ్డం పట్టుకుని తన వైపు లాక్కుంది. రెండు వేళ్లు ఆమె పెదవుల మధ్య దూర్చి, తలుపు తెరవబోయినట్టు విడదియ్యబోయింది. సుందరి ఆ వేళ్లు తీసి, మూతి తుడిచి, మళ్లీ గోడ వైపు తిరిగింది. పిల్ల మళ్లీ ఏడ్చింది.

రామమూర్తికి అప్పుడు తెలిసింది. వినికిడి దానికి పుట్టుకతోనే లేదు, ఆ లోటు దానికి తెలియను కూడా తెలియదు. దాని ముందు రోజంతా కదిలే మొహాలు ఉండేవి, నవ్వే పెదవులు, ఎగిరే కనుబొమలు, పాడుతుంటే అదిరే నాయనమ్మ పొట్ట. దాని లోకమంతా అదే. ఆ లోకాన్ని దేవుడు తీసుకోలేదు. తను ఒక మాట చెప్పాడు, ఇంట్లోవాళ్లు ఆ మాట విని తీసుకున్నారు.

"అమ్మా, పాట పాడు" అన్నాడు.

వెంకటరావమ్మ గారు తెల్లబోయింది. "ఎవరికిరా?"

"దానికే. ఎప్పుడూ పాడేదానివి కదా. ఎత్తుకుని, మొహంలో మొహం పెట్టి పాడు."

"వినపడదంటివి కదరా నాయనా!"

"వినపడదు. అయినా పాడు. సుందరీ, నువ్వు కబుర్లు చెప్పు. ఇటు తిరిగి చెప్పు, నీ మొహం దానికి కనపడాలి. ఇదివరకు ఎన్ని చెప్పేదానివో అన్నీ చెప్పు."

ముసలమ్మ పిల్లని అందుకుంది. మొదటి చరణం మధ్యలోనే ఆపేసింది, రెండోసారి ఎత్తుకుంటే ఏడుపూ పాటా కలిసి వచ్చాయి. పిల్ల వెక్కుతూనే ఆవిడ నోటి వంక చూసింది. చూసి చూసి, ఒళ్లంతా ఆవిడ మీద వాల్చి, వెక్కిళ్లు తగ్గించుకుంది. పాట అయిపోయాక సుందరి కొంగుతో కళ్లు తుడుచుకుని పిల్లని తీసుకుంది. ఉన్నట్టుండి భర్త వైపు తిరిగింది.

"మమ్మల్ని చెప్పమంటారు. మీరో? పుట్టిన దగ్గర్నుంచి దీంతో ఒక్క మాట మాట్లాడారా మీరు?"

లేదు. అతనికి తెలుసు. సుందరి పిల్లని తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. రామమూర్తి వీధి గుమ్మం వైపు జరిగి, వెలుతురు తన మొహం మీద పడేట్టు సర్దుకుని కూర్చున్నాడు. పిల్లల గురించి అంత మంది ముందు, అన్ని సాయంత్రాలు చెప్పినవాడికి సొంత కూతురితో ఏం మాట్లాడాలో తోచలేదు. చిన్న మొహం, ఇంకా తడి ఆరని బుగ్గలు, అతని ఎదురుగా ఎదురుచూస్తున్నాయి.

"అమ్మా సుభద్రా" అన్నాడు చివరికి. "నా పేరు రామమూర్తి. నేను మీ నాన్నని."

పిల్ల అతని నోటి వంక చూసింది. అది ఆగిపోయాక కూడా, ఇంకా ఏమైనా చెబుతాడేమోనని చూస్తూనే ఉంది.